హోస్ట్ క్రాష్ అయినప్పుడు లోపలి వీఎం మెమరీ కూడా డంప్‌లోకి రావాలంటే ఏం చేయాలి?

వశిష్ట_గట్టు (మొగల్తూరు దగ్గర) | మంగళవారం, ఉదయం 10:20

అందరికీ నమస్కారం అండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా మావయ్య వాళ్లకి ఆరు రొయ్యల చెరువులు ఉన్నాయి. షెడ్డులో పాత టవర్ సర్వర్ ఒకటి పెట్టాను. 32 జీబీ ర్యామ్, పైన లినక్స్ (ఇదే హోస్ట్), దాని కేవీఎం మీద రెండు వీఎంలు, అంటే లోపల నడిచే రెండు వర్చువల్ మెషీన్లు. ఒకదాంట్లో విండోస్, అందులో టాలీ, మేత లెక్కలు. రెండోది 4 జీబీ లినక్స్ వీఎం. చెరువుల్లో పెట్టిన డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటర్లు, ఏరేటర్ (నీటికి గాలి పట్టించే యంత్రం) రిలేలు దానికే కలిపి ఉన్నాయి. ప్రతి నిమిషం రీడింగ్ తీసుకుంటుంది, అవసరమైతే రిలే ఆన్ చేస్తుంది.

శనివారం తెల్లవారుజామున 3:10కి హోస్ట్ పడిపోయింది. కెర్నెల్ ప్యానిక్, అంటే లినక్స్ మూలభాగమైన కెర్నెలే ఆగిపోయింది. ఆ టైములోనే నాలుగో చెరువులో ఏరేటర్లు ఆగిపోయాయి. కాపలా మనిషి రొయ్య పైకి తేలడం చూసి, పరుగెత్తుకెళ్లి చేత్తో ఆన్ చేశాడు. అప్పటికే సుమారు 80 కిలోలు పోయాయి.

ఇప్పుడు మావయ్య ప్రశ్న ఒక్కటే: "ఏరేటర్ ఆగాక సర్వర్ పడిందా, సర్వర్ పడుతూ ఏరేటర్‌ని ఆపేసిందా?" నా దగ్గర జవాబు లేదు. ఆ సాఫ్ట్‌వేర్ రీడింగులు అరగంటకోసారే డిస్క్‌కి రాస్తుంది, మూడింటి తర్వాతవి లేవు. రిలేకి పంపిన ఆర్డర్ల క్యూ అయితే అసలు డిస్క్‌కే రాయదు, మెమరీలోనే ఉంటుంది. తయారుచేసిన వాళ్లని అడిగితే మార్చడానికి నెల పడుతుందన్నారు.

కేడంప్ (హోస్ట్ పడినప్పుడు మెమరీని ఫైలుగా రాసి పెట్టేది) ముందే పెట్టి ఉంది. అది రాసే వీఎంకోర్ అనే డంప్ ఫైలు వచ్చింది. కానీ సైజు 700 ఎంబీ కూడా లేదు. అందులో వీఎం మెమరీ ఎక్కడుందో వెతికితే దొరకలేదు. నేనేం తప్పు చేశాను?

కొబ్బరితోట (అమలాపురం) | మంగళవారం, ఉదయం 10:41

అన్నా, చదువుతుంటేనే బాధేసింది. నేను ఇంజనీరింగ్ మూడో ఏడాది. వీఎంలో క్రాష్ అయితే డంప్ తీయడం ల్యాబ్‌లో చూశాను, హోస్టే పోతే లోపలిది ఎలా వస్తుందో నాకూ తెలుసుకోవాలని ఉంది. ఫాలో అవుతున్నాను.

రాజమండ్రి_ర్యాక్ | మంగళవారం, ఉదయం 11:05

నేను విండోస్ వైపు మనిషిని, హైపర్‌-వి (విండోస్‌లో వీఎంలు నడిపేది) చూస్తుంటాను. అక్కడ ఈ తేడా సెట్టింగ్‌లోనే కనిపిస్తుంది. సర్వర్ 2016 నుంచి "యాక్టివ్ మెమరీ డంప్" అనే రకం వచ్చింది. దాని ఉద్దేశమే హోస్ట్ డంప్‌లోంచి గెస్టుల (లోపలి వీఎంల) పేజీలు, అంటే మెమరీ ముక్కలు, వదిలేయడం. 256 జీబీ ర్యామ్ ఉన్న హోస్ట్ మీద ఇరవై వీఎంలుంటే మొత్తం రాయడం ఎవరి వల్లా కాదు కదా. అన్నీ కావాలంటే "కంప్లీట్" పెట్టుకుని, పేజ్ ఫైలు ర్యామ్ కంటే కాస్త పెద్దదిగా ఉంచాలి. మీ లినక్స్‌లో కూడా ఇలాంటిదే ఏదో వడపోత జరిగుంటుంది.

కాకినాడ_కెర్నెల్ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

ర్యాక్ గారు సరిగ్గా చెప్పారు. తమ్ముడూ, నువ్వు తప్పేం చేయలేదు, డిఫాల్ట్ సెట్టింగ్ అలాగే ఉంటుంది.

కేడంప్ పనితీరు ముందు చూడు. బూట్ అయ్యేటప్పుడే క్రాష్‌కెర్నెల్ పేరుతో కొంత ర్యామ్ పక్కకి పెడతారు. ప్యానిక్ రాగానే ఆ జాగాలో రెండో చిన్న కెర్నెల్ లేస్తుంది. పాత కెర్నెల్ మెమరీ ఎక్కడిదక్కడే ఉంటుంది, చెరిగిపోదు. ఈ చిన్న కెర్నెల్ దాన్ని చదివి ఫైలుగా రాస్తుంది. 2005లో వచ్చిన లినక్స్ కెర్నెల్ 2.6.13 నుంచి ఇదే పద్ధతి. అంటే ప్యానిక్ అయిన క్షణాన నీ వీఎం 4 జీబీ మొత్తం ర్యామ్‌లో భద్రంగానే ఉంది. రాసేటప్పుడు పోయింది.

రాసేది మేక్‌డంప్‌ఫైల్ అనే ప్రోగ్రాం. దానికి డంప్ లెవెల్ అని ఒక అంకె ఇస్తారు. సున్నాలే ఉన్న పేజీలు వదలాలంటే 1, ఫైల్ క్యాష్ వదలాలంటే 2, ప్రైవేట్ క్యాష్‌కి 4, యూజర్ ప్రాసెస్‌ల పేజీలకి 8, ఖాళీ పేజీలకి 16. అన్నీ కలిపితే 31. డిఫాల్ట్ అదే. కేవీఎంలో వీఎం అంటే హోస్ట్ లెక్కలో క్యూఎంయూ అనే మామూలు ప్రాసెస్, గెస్ట్ ర్యామ్ అంటే ఆ ప్రాసెస్ తీసుకున్న యూజర్ మెమరీ. ఆ 8 దాన్ని తీసి పారేసింది.

కాబట్టి 31లోంచి 8 తీసేసి 23 పెట్టు. కేడంప్ కాన్ఫిగ్ ఫైల్లో కోర్ కలెక్టర్ లైనులో ఉంటుంది. అయితే అన్ని ప్రాసెస్‌ల యూజర్ పేజీలూ వస్తాయి, డిస్క్‌లో జాగా చూసుకో.

శనివారం నాటిది మాత్రం ఇక రాదు. ఆ మాట చెప్పడానికి నాకూ మనసు ఒప్పడం లేదు.

వశిష్ట_గట్టు | మంగళవారం, మధ్యాహ్నం 2:02

ఆయ్, అర్థమైంది అన్నా. పోయింది పోయింది. హోస్ట్ మళ్లీ పడుతుందనే నా భయం, అసలు ఎందుకు పడిందో ఇంకా తేలలేదు. ఈసారి దొరకాలి. 23 పెడుతున్నాను.

లంక_మాస్టారు (రాజోలు) | మంగళవారం, సాయంత్రం 5:15

బాబూ, ఒక్క నిమిషం ఆగు. 23 పెట్టినా రాని పేజీలు కొన్ని ఉంటాయి. హోస్ట్‌లో ర్యామ్ ఒత్తిడి వచ్చి క్యూఎంయూ పేజీలు స్వాప్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ జాగాలోకి) వెళ్లి ఉంటే, అవి ర్యామ్‌లో లేవు కాబట్టి వీఎంకోర్‌లోనూ ఉండవు. నీకు కావలసిన క్యూ సరిగ్గా ఆ పేజీలోనే ఉంటే? వీఎం సెట్టింగులుండే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో మెమరీ బ్యాకింగ్ కింద "లాక్‌డ్" పెట్టు, లేదా నీకు 32 జీబీ ఉంది కాబట్టి స్వాపే ఆపేయి.

ఇంకోటి. లిబ్‌వర్ట్ (వీఎంలని నిర్వహించే సాఫ్ట్‌వేర్) మామూలుగా గెస్ట్ ర్యామ్‌ని క్యూఎంయూ ప్రాసెస్ కోర్ డంప్‌లోకి రాకుండా గుర్తు పెట్టి ఉంచుతుంది. తర్వాత వీఎంకోర్‌లోంచి ఆ ప్రాసెస్‌ని విడదీసేటప్పుడు అడ్డం రాకుండా, మెమరీ ట్యాగ్‌లో డంప్‌కోర్ "ఆన్" అని ఇప్పుడే పెట్టుకో. వీఎం ఒకసారి పూర్తిగా ఆపి లేపాలి.

కొబ్బరితోట | మంగళవారం, రాత్రి 8:50

నాకొక సందేహం మాస్టారూ. ర్యామ్ దొరికింది సరే. ప్యానిక్ క్షణంలో వీఎం సీపీయూ ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరుందో, దాని రిజిస్టర్లలో (సీపీయూ లెక్కలు పెట్టుకునే చిన్న గదుల్లో) ఏముందో, అవి ప్రాసెసర్ లోపల కదా ఉంటాయి? అవెలా వస్తాయి?

కాకినాడ_కెర్నెల్ | మంగళవారం, రాత్రి 10:10

మంచి ప్రశ్న అమ్మా. ఈ విషయంలో అందరూ జారిపోయే చోటు ఇదే, అందుకని కాస్త నిదానంగా చెప్తాను.

ఇంటెల్ ప్రాసెసర్లలో ప్రతి వర్చువల్ సీపీయూకి వీఎంసీఎస్ అని 4 కేబీ లోపు ఉండే ఒక ప్రాంతం ఉంటుంది. గెస్ట్ ఎక్కడ ఆగింది, స్టాక్ ఎక్కడుంది, పేజ్ టేబుళ్లకి దారి చూపే సీఆర్‌3 ఎంత, ఇవన్నీ అందులో ఉంటాయి. మిగతా జనరల్ రిజిస్టర్లని కేవీఎం తనే తన వీసీపీయూ స్ట్రక్చర్‌లో దాస్తుంది, అవి మామూలు కెర్నెల్ మెమరీ కాబట్టి డంప్‌లోకి వచ్చేస్తాయి.

చిక్కంతా వీఎంసీఎస్‌తోనే. అది పేరుకి ర్యామ్‌లో ఉన్నా, వాడుకలో ఉన్నంతసేపు తాజా విలువల్ని ప్రాసెసర్ తన చిప్ లోపలే ఉంచుకోవచ్చు. ధాన్యం కాటా దగ్గర గుమాస్తా తూకం చీటీలు జేబులో పెట్టుకుని సాయంత్రం ఒకేసారి చిట్టాకి ఎక్కిస్తాడు చూడు, అలా. మధ్యాహ్నం ఎవరైనా వచ్చి చిట్టా ఫొటో తీసుకుంటే అందులో పొద్దున్న లెక్కే ఉంటుంది. చీటీలన్నీ ఇప్పుడే ఎక్కించు అనే ఆర్డర్ పేరు వీఎంక్లియర్.

మొదట్లో కేడంప్ ఆ ఆర్డర్ ఇచ్చేది కాదు. 2012 డిసెంబరులో కేవీఎంకి ఒక ప్యాచ్ వచ్చింది. క్రాష్ దారిలో, ప్రతి సీపీయూ తన మీద లోడ్ అయి ఉన్న వీఎంసీఎస్‌లన్నిటికీ వీఎంక్లియర్ చేసి, ఆ తర్వాతే ఆగుతుంది. ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

వరస చూడు. ప్యానిక్ అయిన సీపీయూ మిగతా వాటికి ఎన్‌ఎంఐ (ఆపి తీరాల్సిన అత్యవసర సిగ్నల్) కొడుతుంది. గెస్ట్‌ని నడుపుతున్న సీపీయూకి ఎన్‌ఎంఐ తగలగానే వీఎం ఎగ్జిట్ అవుతుంది, అంటే గెస్ట్ స్థితి వీఎంసీఎస్‌లోకి చేరుతుంది. తర్వాత వీఎంక్లియర్‌తో ర్యామ్‌కి చేరుతుంది. ఆఖర్న వీఎంఎక్స్ (ఇంటెల్‌లో వీఎంలు నడిపే మోడ్) ఆఫ్. అది కూడా చేయాల్సిందే, ఎందుకంటే వీఎంఎక్స్ రూట్ మోడ్‌లో ఉన్న సీపీయూ ఐఎన్‌ఐటీ (సీపీయూని మొదటికి తెచ్చే) సిగ్నల్‌ని పట్టించుకోదు, మెషీన్ రీబూట్ దగ్గరే ఇరుక్కుపోవచ్చు.

ఏఎండీలో ఇంత తతంగం లేదు. ప్రతి ఎగ్జిట్‌కీ ముఖ్యమైన గెస్ట్ స్థితిని ప్రాసెసర్ మెమరీలోని వీఎంసీబీకి (వీఎంసీఎస్ లాంటిదే) రాసేస్తుంది.

కొబ్బరితోట | మంగళవారం, రాత్రి 10:32

చీటీల పోలికతో మొత్తం కళ్లకి కట్టింది అన్నా. అయితే డంప్ తీశాక వీఎంసీఎస్‌లో ఆ 4 కేబీ తెరిచి సీఆర్‌3 చదివేయొచ్చా?

కాకినాడ_కెర్నెల్ | మంగళవారం, రాత్రి 10:50

నేరుగా కుదరదు. లోపల ఏ ఫీల్డ్ ఏ చోట ఉంటుందో ఇంటెల్ బయటపెట్టదు, ప్రాసెసర్ మోడల్‌ని బట్టి మారొచ్చు. వీఎంరీడ్ ఇన్‌స్ట్రక్షన్‌తోనే చదవాలి అంటుంది. అందుకే అదే రకం మెషీన్ మీద తెలిసిన విలువలు రాసి, ఏది ఎక్కడ పడిందో చూసి పటం గీసుకున్నవాళ్లున్నారు. మన వశిష్టకి అంత దూరం అక్కర్లేదు. అతనికి కావలసింది మెమరీలోని మామూలు అక్షరాలు.

దవళేశ్వరం_లాకులు | బుధవారం, ఉదయం 7:30

నేను పక్క సంగతి ఒకటి చెప్పాలి. వీఎంకోర్‌లోకి యూజర్ పేజీలు రావడం మొదలైతే అందులో టాలీ లెక్కలు, పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు అన్నీ ఉంటాయి. ఆ ఫైలు రూట్ తప్ప ఎవరూ చదవకుండా చూడండి. దయచేసి ఇక్కడ అప్‌లోడ్ చేయకండి. ఇంకెవరికైనా పంపినా 31 లెవెల్‌తో వడకట్టిన కాపీ పంపండి, ఉన్న డంప్ మీద మేక్‌డంప్‌ఫైల్ మళ్లీ నడిపి తగ్గించుకోవచ్చు.

రాజమండ్రి_ర్యాక్ | బుధవారం, ఉదయం 9:12

హోస్ట్ కాకుండా లోపలి వీఎం ఒక్కటే ప్యానిక్ అయితే సంగతేంటి? వశిష్ట గారి విండోస్ వీఎంకి బ్లూ స్క్రీన్ వస్తే? హైపర్‌-విలో నేనైతే సేవ్డ్ స్టేట్ తీసి, దాన్నుంచి డంప్ చేసుకుంటాను.

లంక_మాస్టారు | బుధవారం, ఉదయం 9:55

అది చాలా తేలిక అండీ, హోస్ట్ బతికే ఉంటుంది కాబట్టి. వీఎంకి పీవీప్యానిక్ డివైస్ తగిలించాలి. గెస్ట్ ప్యానిక్ అవగానే "నేను పోతున్నాను" అని హోస్ట్‌కి ఒక్క ముక్క చెప్తుంది. అప్పుడు ఏం చేయాలో లిబ్‌వర్ట్‌లో "ఆన్ క్రాష్" దగ్గర రాసి పెట్టుకోవచ్చు. "ప్రిజర్వ్" అంటే వీఎంని ఉన్నదున్నట్టు అట్టిపెడుతుంది, తీరిగ్గా చూసుకోవచ్చు. "కోర్‌డంప్ రీస్టార్ట్" అంటే మెమరీ డంప్ రాసి మళ్లీ లేపుతుంది. చెరువుల వీఎంకి రెండోదే పెట్టాలి, అక్కడ ఆగి కూర్చుంటే రొయ్యలు ఆగవు.

ఒక మెలిక ఉంది. గెస్ట్ లోపల కూడా కేడంప్ పెట్టి ఉంటే, ప్యానిక్ రాగానే మామూలుగా నేరుగా చిన్న కెర్నెల్‌కి దూకేస్తుంది, పీవీప్యానిక్‌కి కబురు వెళ్లదు. ముందు కబురు, తర్వాత దూకుడు కావాలంటే గెస్ట్ బూట్ లైనులో క్రాష్ కెగ్జెక్ పోస్ట్ నోటిఫయర్స్ అనే పారామీటర్ పెట్టాలి. మా పాలిటెక్నిక్‌లో దీనికోసం రెండు రోజులు కొట్టుకున్నాం.

ప్యానిక్ కాకుండా ఊరికే బిగుసుకుపోతే విర్ష్ (లిబ్‌వర్ట్ కమాండ్ టూల్) డంప్ కమాండ్‌కి "మెమరీ ఓన్లీ" ఇవ్వండి. వచ్చిన ఫైలు క్రాష్ అనే డంప్ చదివే టూల్‌లో తెరుచుకుంటుంది.

వశిష్ట_గట్టు | గురువారం, సాయంత్రం 4:40

ఈరోజు మధ్యాహ్నం పరీక్ష చేశాను. ఏరేటర్లన్నీ మాన్యువల్‌లో పెట్టించి, మావయ్యని పక్కన నిలబెట్టి, సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్‌కి "సి" కొట్టి హోస్ట్‌ని కావాలని పడేశాను. చెయ్యి వణికింది అండి.

మొదటిసారి ఫెయిల్. క్రాష్‌కెర్నెల్‌కి 128 ఎంబీయే ఇచ్చి ఉన్నాను, చిన్న కెర్నెల్ లేచి మెమరీ చాలక మధ్యలో ఆగిపోయింది. 256 ఎంబీ చేశాను. రెండోసారి స్క్రీన్ మీద "కాపీయింగ్ డేటా" అని శాతం కదలడం మొదలైంది. పన్నెండు నిమిషాలు అలాగే చూస్తూ నిలబడ్డాం. వంద దాటి రీబూట్ అయింది. ఫైలు 5.8 జీబీ.

తర్వాత క్రాష్ టూల్ తెరవడానికి ఇంకో గంట. కెర్నెల్ డీబగ్‌ఇన్ఫో ప్యాకేజీ ఒక వెర్షన్ తేడా ఉంది, అది సరిగ్గా ఇదే వెర్షన్ అవ్వాలట. ఇప్పుడు పీఎస్ (ప్రాసెస్‌ల జాబితా కమాండ్) కొడితే క్యూఎంయూ రెండు ప్రాసెస్‌లూ కనిపిస్తున్నాయి. ఇక్కడి నుంచి ఎలా?

కాకినాడ_కెర్నెల్ | గురువారం, సాయంత్రం 6:20

శభాష్. ఇక సగం దూరమే. క్రాష్ టూల్‌కి జీకోర్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది, లోడ్ చేసి క్యూఎంయూ పీఐడీ (ప్రాసెస్ నంబరు) ఇవ్వు. ఆ ఒక్క ప్రాసెస్ కోర్ ఫైలుగా బయటికొస్తుంది. వీఎం అని కమాండ్ కొడితే దాని మెమరీ ప్రాంతాల జాబితా వస్తుంది, అందులో సరిగ్గా 4 జీబీ ఉన్నది ఒకటే ఉంటుంది. అదే నీ గెస్ట్ ర్యామ్.

అక్షరాలు వెతకడానికి అది చాలు. గెస్ట్ అడ్రస్‌లతో పని పడితే ఒకటి గుర్తుంచుకో: వీఎం క్యూ35 రకం (క్యూఎంయూ ఇచ్చే మెషీన్ నమూనాల్లో ఒకటి) అయితే 4 జీబీ గెస్ట్‌కి మొదటి 2 జీబీ కింద, మిగతా 2 జీబీ 4 జీబీ అడ్రస్ పైన కనిపిస్తాయి. మధ్యలోది పీసీఐ డివైస్‌లకి వదిలిన ఖాళీ. ఇది తెలియక చాలామంది డంప్ పాడైందనుకుంటారు.

కొబ్బరితోట | గురువారం, రాత్రి 9:05

ఇంత మెమరీ, ఇన్ని రిజిస్టర్లు దొరికాక, ఆ వీఎంని ఆగిన చోటి నుంచే మళ్లీ నడిపించలేమా?

లంక_మాస్టారు | గురువారం, రాత్రి 9:40

లేదమ్మా, ఆ ఆశ పెట్టుకోకూడదు. క్యూఎంయూలో ఎమ్యులేట్ అవుతున్న డివైస్‌ల స్థితి, కెర్నెల్‌లో ఉన్న ఇంటరప్ట్ కంట్రోలర్ స్థితి, సగం రాసిన డిస్క్ రిక్వెస్టులు, అన్నీ ఒకే క్షణానికి కుదిరి ఉండాలి. పైగా హోస్ట్ లేచాక ఆ వీఎం డిస్క్ ఇమేజ్ మళ్లీ బూట్ అయి ముందుకి వెళ్లిపోయింది. పాత మెమరీని కొత్త డిస్క్‌కి అతికిస్తే ఫైల్ సిస్టమ్ నాశనమే. ఈ డంప్ సాక్ష్యానికీ, డేటా వెలికితీతకీ మాత్రమే.

తిరిగి నడవాలంటే ముందే సేవ్ చేసుకోవాలి. కరెంటు పోయి యూపీఎస్ బ్యాటరీ దిగిపోతున్నప్పుడు విర్ష్ మేనేజ్డ్‌సేవ్ చేయించు, లేదా లిబ్‌వర్ట్ గెస్ట్స్ సర్వీసులో షట్‌డౌన్‌కి "సస్పెండ్" పెట్టు. మళ్లీ లేచినప్పుడు ఆగిన చోటి నుంచే నడుస్తుంది.

కాకినాడ_కెర్నెల్ | గురువారం, రాత్రి 10:00

ఒక చిన్న చేర్పు. కెర్నెల్ 6.16లో కెగ్జెక్ హ్యాండోవర్ వచ్చింది. కెర్నెల్ మార్చేటప్పుడు ఫలానా మెమరీ ముట్టుకోకు అని కొత్త కెర్నెల్‌కి అప్పగించడం. వీఎంలు నడుస్తుండగా హోస్ట్ అప్‌డేట్ చేసే పనికి పునాది అది. కానీ మనం చెప్పి చేసే మార్పుకే, ప్యానిక్‌కి కాదు.

వశిష్ట_గట్టు | తొమ్మిది రోజుల తర్వాత, శనివారం, ఉదయం 11:15

హోస్ట్ మళ్లీ పడింది. తెల్లవారుజామున 3:26కి. ఈసారి కాపలా మనిషి నాలుగో చెరువు గట్టు మీదే ఉన్నాడు, వెంటనే చూసుకున్నాడు. నష్టం లేదు.

వీఎంకోర్ 6.1 జీబీ వచ్చింది. జీకోర్‌తో చెరువుల వీఎంని విడదీసి, ఆ 4 జీబీలో రీడింగ్ లైన్లు వెతికాను. మూడింటి నుంచి 3:26 వరకూ డిస్క్‌కి ఎక్కనివన్నీ వరసగా ఉన్నాయి. నాలుగో చెరువువి ఇక్కడ పెడుతున్నాను. టైము, చెరువు, డీవో, ఏరేటర్ లాగే ఆంప్‌లు:

03:09 చె4 4.6 3.1
03:10 చె4 4.6 3.1
03:11 చె4 4.6 0.0
03:12 చె4 4.5 0.0
03:13 చె4 4.5 0.0
...
03:25 చె4 3.8 0.0

రిలే క్యూ కూడా దొరికింది. నాలుగో చెరువుకి 2:20కి పంపిన ఆన్ ఒక్కటే ఉంది. ఆఫ్ ఆర్డర్ లేదు. అలారం 3.5 దగ్గర మోగాలి, అంతలోపే హోస్ట్ పోయింది.

లంక_మాస్టారు | శనివారం, ఉదయం 11:40

అంటే ఏరేటర్ 3:11కే తనంతట తాను ఆగింది బాబూ. సర్వర్ ఆపలేదు. స్టార్టర్ చూపించు. హోస్ట్ ఎందుకు పడిందో డీమెసేజ్‌లో (కెర్నెల్ సందేశాల్లో) ఏముంది?

వశిష్ట_గట్టు | శనివారం, సాయంత్రం 6:30

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. నాలుగో చెరువు స్టార్టర్ డబ్బాలో ఒక ఫేజ్ దగ్గర కాంటాక్ట్ నల్లగా కాలిపోయి ఉంది, వేడెక్కితే ట్రిప్ అవుతోంది. మార్చేశాడు.

డీమెసేజ్‌లో మెషీన్ చెక్ అని, మెమరీ ఎర్రర్ అని వరసగా ఉన్నాయి. ర్యామ్ కర్రలు తీసి చూస్తే, కిటికీ వైపు ఉన్నదాని బంగారు గీతల మీద పచ్చగా చిలుము. సముద్రం ఇక్కడికి దగ్గరే కదా, షెడ్డు కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆ కర్ర తీసేశాను, సోమవారం కొత్తది వేస్తాను. కిటికీకి పాలిథిన్ షీటు కట్టించాను.

మావయ్యకి ఆ లైన్లు ప్రింట్ తీసి చూపించాను. 3:11 దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. "పోన్లే, నీ పెట్టె తప్పు కాదు" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అందరికీ చాలా థాంక్స్ అండి.

దవళేశ్వరం_లాకులు | శనివారం, రాత్రి 7:10

సంతోషం అండి. పని అయిపోయింది కాబట్టి ఆ 6.1 జీబీ ఫైలు చెరిపేయడం మర్చిపోకండి. ర్యామ్ మార్చాక మెమ్‌టెస్ట్ ఒక రాత్రి నడపండి, ఆ రాత్రి ఏరేటర్లు మాన్యువల్‌లో ఉండాలి.

వశిష్ట_గట్టు | శనివారం, రాత్రి 7:22

ఆయ్. చెరిపేశాను. రీడింగ్ లైన్లు మాత్రం ఉంచుకున్నాను.